వ్యాపారపు ఆట: గెలుపు లెక్క, ఇంటి మర్యాద

గుంటూరులో వేసవి మధ్యాహ్నం ఎట్లా వుంటుందో ఈ ప్రాంతపు శ్రోతలకు వేరే చెప్పనక్కరలేదు. పదకొండు గంటలు దాటితే వీధిలో జనసంచారం తగ్గుతుంది. కల్లాలలో ఎండిన మిరపకాయ యార్డుకు చేరి, అమ్ముడుపోయినది పోగా మిగిలిన టిక్కీలు కోల్డ్ స్టోరేజీల పాలవుతాయి. మే నెలలో కొన్ని వారాలపాటు మిరప యార్డుకు సైతం సెలవులివ్వడం ఆనవాయితీగా వస్తున్నది. పిల్లలకు బడి లేదు. పెద్దలకు బేరం లేదు. అటువంటి పూట తలుపులు దగ్గరగా వేసి, నేల తడిగుడ్డతో తుడిచి, చాప పరచి, దానిమీద ఒక అట్ట పటం విప్పడం మన ఇండ్లలో చాలాకాలంగా వున్న అలవాటు. చుట్టూ గడులు, గడికొక పట్టణం, రెండు పాచికలు, రంగురంగుల కాగితపు నోట్లు. పిల్లలు దానిని ‘బిజినెస్’ అంటారు. ఆ పేరే పెద్దలకూ అలవడినది.

ఇది పిల్లలు పొద్దు పుచ్చుకొనే ఆట గదా, దీనిని గురించి ప్రసంగమెందుకని కొందరు అనుకోవచ్చును. కాని చిన్నవాడు ధనమంటే ఏమిటో, అప్పంటే ఏమిటో, అద్దె అంటే ఏమిటో మొట్టమొదట తెలుసుకొనేది పాఠ్యపుస్తకంలో కాదు, ఈ చాపమీదనే. అందుచేత ఈ ఆట ఎట్లా నడుస్తుందో, ఎవరు ఎందుకు గెలుస్తారో, మన ఇండ్లలో దానికి మనం కల్పించుకొన్న సొంత నియమాల వల్ల ఏమవుతున్నదో ఒకసారి విచారించడం వృథా కాదు.

ముందుగా మన పాత ఆటలను తలచుకొందాము. వైకుంఠపాళిలో పాచిక చెప్పినట్టు నడవడమే గాని మన తెలివికి పని లేదు. నిచ్చెన వస్తే ఎక్కుతాము. పాము నోట పడితే దిగుతాము. పులిజూదంలో పాచికే లేదు. మూడు పులులకూ పదిహేను మేకలకూ మధ్య అంతా ఎత్తుగడే. వామనగుంటలలో చింతగింజలను పంచుతూ, ఖాళీ గుంట పక్కనున్న గింజలను గెలుచుకొంటాము; గింజలు చాలనివాడు తన గుంటలన్నీ నింపుకొనలేక మరుసటి ఆటను తక్కువ గుంటలతో ఆడవలసి వస్తుంది. సంపద ఒకచోట పోగుపడడమనే సంగతి మన అమ్మమ్మలకు ఆ గుంటలలోనే తెలుసు. వ్యాపారపు ఆట ఈ మూడింటినీ కలుపుకొన్నది. పాచిక వున్నది, ఎత్తుగడ వున్నది, పోగుచేయడం వున్నది. వీటికి తోడు మన పాత ఆటలలో లేనిది మరొకటి వున్నది: అద్దె. ఒకసారి కొన్న గడి, దాని యజమాని నిద్రపోతున్నా సంపాదించి పెడుతూనే వుంటుంది.

మార్కెట్టులో దొరికే పెట్టెలు ఒక్క తీరున వుండవు. కొన్నింటిలో బొంబాయి, మద్రాసు, కలకత్తా. కొన్నింటిలో విదేశపు నగరాలు. ధరలూ, గడుల సంఖ్యా మారుతుంటాయి. లెక్క అందరికీ ఒకటిగా వుండడానికి, వీటికి మూలమైన ‘మోనోపలీ’ పటాన్ని తీసుకొందాము. అందులో నలభై గడులు. ఆటగానికి మొదట 1,500 ఇస్తారు. పటం చుట్టివచ్చి బయలుదేరిన గడిని దాటినప్పుడల్లా బ్యాంకు 200 ఇస్తుంది. ఒకే రంగు గడులన్నీ ఒక్కరి చేత పడితే వాటిమీద ఇండ్లు కట్టవచ్చును. ఇండ్లు పెరిగినకొద్దీ అద్దె పెరుగుతుంది. చెల్లించలేనివాడు ఆట నుంచి లేచిపోవలెను.

ఇక గెలుపు లెక్క. ఇందులో మొదటిది పాచికల లెక్క. రెండు పాచికలు కలిపి వేస్తే 36 విధాలుగా పడవచ్చును. అందులో ఏడు పడడానికి ఆరు దారులున్నవి. ఆరుకూ ఎనిమిదికీ చెరి ఐదు దారులు; తొమ్మిదికి నాలుగు. రెండుకూ పన్నెండుకూ ఒక్కొక్కటే. మరొక సంగతి: ఆటలో అందరూ తరచుగా చేరే చోటు జైలు. పాచిక వల్ల కొందరు, చీటీ వల్ల కొందరు, ఆ మూల గడి వల్ల కొందరు అక్కడికి పోతారు. ఆ జైలు నుంచి సరిగా ఆరవ గడి, ఎనిమిదవ గడి, తొమ్మిదవ గడి నారింజరంగువి. అనగా జైలు నుంచి బయటకు వచ్చేవాని మొదటి పాచికలో, 36కు 14 వంతులు ఆ మూడు గడులలో ఏదో ఒకదానిమీద పడతాయి. పటంలో అన్నిటికన్న ఖరీదైన గడి కోసం పిల్లలు పోట్లాడుకొంటారు గాని, ఎరిగినవారు ఈ నారింజ గడుల కోసం చూస్తారు. ఖరీదైన సరుకు వేరు, చెల్లుబాటయ్యే సరుకు వేరు అని మిరప వ్యాపారికి మనం చెప్పవలసిన పని లేదు.

రెండవది ఇండ్ల లెక్క. నారింజ గడులలో మొదటిది తీసుకొందాము. దాని ధర 180. ఇల్లు లేనప్పుడు అద్దె 14 మాత్రమే. ఒక ఇల్లు కడితే 70. రెండిండ్లు కడితే 200. మూడు కడితే 550. నాలుగు కడితే 750. హోటలు కడితే 950. ఒక్కొక్క ఇంటికీ ఖర్చు నూరే. మొదటి నూరు పెడితే అద్దె యాభై ఆరు పెరిగినది. మూడవ నూరు పెడితే మూడు వందల యాభై పెరిగినది. నాలుగవ నూరుకు మళ్లీ రెండు వందలే. కనుక తెలివైనవాడు ఒక గడిమీద హోటలు కట్టి మురిసిపోక, ఆ రంగు గడులన్నింటిమీద మూడేసి ఇండ్లు లేచేదాకా ఊరుకోడు. ఆ మూడు గడుల ధర 560, తొమ్మిది ఇండ్ల ఖర్చు 900, మొత్తం 1,460. మొదట చేతికిచ్చిన 1,500 లోపలే!

మూడవది, అందరూ మరచిపోయే లెక్క. రెండు పాచికల మీద సగటున ఏడు పడుతుంది. కనుక ఒకడు పటాన్ని ఒక చుట్టు తిరిగేటప్పుడు, ఏ గడిమీదనైనా ఆగే అవకాశం ఇంచుమించు ఏడింట ఒకటి. నారింజ గడులు మూడింటిమీదా ఇండ్లు లేనప్పుడు, రంగు పూర్తి అయినందుకు అద్దె రెండింతలు వసూలు చేసినా, వాని చుట్టుకు సగటున పదమూడు మించి పోదు. రెండేసి ఇండ్లు లేచినాక ఎనభై తొమ్మిది దాకా పోతుంది. మూడేసి లేచినాక రెండు వందల నలభై మూడు! జైలు సంగతి చేర్చుకొంటే ఇంకా ఎక్కువే. చుట్టు తిరిగినందుకు వానికి వచ్చేది మాత్రం ఎప్పుడూ రెండు వందలే. ఆట మొదటినుంచి చివరి దాకా ఆ రెండు వందలు మారవు. అద్దె మాత్రం పెరుగుతూ పోతుంది. అద్దె ఆ రెండు వందలను దాటిన క్షణమే ఆట తేలిపోయినట్టు. ఆ తరువాత జరిగేదంతా ఓడినవాడు తాను ఓడినట్టు తెలుసుకొనే వరకు పట్టే కాలం.

నాలుగవది చేతిలో రొక్కం. గడిని తాకట్టు పెడితే బ్యాంకు సగం ధరే ఇస్తుంది. విడిపించుకొనేటప్పుడు పదవ వంతు వడ్డీ చేర్చి కట్టవలెను. కట్టిన ఇల్లు తిరిగి అమ్మితే సగమే చేతికి వస్తుంది. కనుక చేతిలో చిల్లిగవ్వ లేకుండా అంతా కట్టడాలలో పెట్టినవాడు, అనుకోని అద్దె ఒకటి మీద పడితే నూరు పెట్టి కట్టిన ఇల్లు యాభైకి అమ్ముకొంటాడు. ఈ సంగతి మన ప్రాంతంలో ఎరుగనివారెవరు? ధర వస్తుందని టిక్కీలు కోల్డ్ స్టోరేజీలో పెట్టి, వాటిమీద అప్పు తెచ్చి, ఒకవైపు వడ్డీ, మరొకవైపు స్టోరేజీ అద్దె పెరుగుతుంటే, చివరకు కూతురి పెండ్లి ఖర్చుకో, తరువాతి పంట పెట్టుబడికో అయినకాడికి తెగనమ్ముకొన్న ఆసామికి ఆస్తి వేరు, రొక్కం వేరు అని బాగా తెలుసు. పటం మీద కూడా, ముందున్న ఏడెనిమిది గడులలో పడగల పెద్ద అద్దెకు సరిపడ రొక్కం వుంచుకొని మిగిలినదే కట్టడంలో పెట్టడం క్షేమం.

చిన్న ఎత్తుగడలు మరి రెండు. ఆట మొదట్లో జైలులో పడితే వెంటనే డబ్బు కట్టి బయటకు రావలెను; ఎందుకంటే కొనదగిన గడులు అప్పటికి మిగిలి వుంటాయి. ఆట ముదిరినాక జైలులో కూర్చోవడమే లాభం. ఇతరుల ఇండ్లమీద పడే బాధ తప్పుతుంది, మన అద్దె మనకు వస్తూనే వుంటుంది. రెండవది, పెట్టెలో ఇండ్లు ముప్ఫై రెండే వుంటాయి. రెండు రంగుల గడులమీద నాలుగేసి కట్టి, హోటళ్లకు మార్చకుండా అట్లాగే వుంచినవాడు ఇరవై నాలుగు ఇండ్లను కదలకుండా పట్టుకొన్నట్టు. ఎదుటివాని దగ్గర డబ్బు వున్నా కట్టడానికి ఇల్లు దొరకదు.

ఇంతవరకూ అట్టమీది లెక్క. ఇప్పుడు మన ఇండ్లలో వున్న మర్యాదలు చూద్దాము. ఈ ఆటను పెట్టెలో వచ్చిన నియమాల ప్రకారం ఆడే ఇల్లు నేను అరుదుగా చూచినాను. ప్రతి ఇంటికీ ఒక సొంత ధర్మశాస్త్రం వున్నది.

మొదటి మర్యాద బ్యాంకుది. బ్యాంకు సాధారణంగా ఇంటిలో పెద్దవారి దగ్గర వుంటుంది, అమ్మమ్మో, నాయనమ్మో. చదువు సంగతి ఎట్లావున్నా నోట్ల రంగులు వారికి బాగా తెలుసు. డబ్బు అయిపోయిన మనుమడికి వారు చేబదులు ఇస్తారు. అసలు నియమం ప్రకారం తాకట్టు మీద తప్ప బ్యాంకు అప్పివ్వకూడదు. రెండవ మర్యాద నడిమి గుట్ట. పన్నులూ, జరిమానాలూ బ్యాంకుకు కట్టక పటం మధ్యలో వేస్తారు; విశ్రాంతి గడిమీద ఎవరు పడితే వారు ఆ గుట్ట ఎత్తుకొంటారు. అసలు నియమంలో ఆ గడిమీద ఏమీ రాదు. మూడవది, వేలం లేకపోవడం. ఒకడు తాను పడిన గడిని కొననంటే, దానిని వెంటనే వేలం వేసి ఎక్కువ పాడినవానికి ఇవ్వవలెనని నియమం. మన ఇండ్లలో ‘వద్దా? సరే, నీ తరువాత ఎవరు?’ అని పాచిక పక్కవానికి ఇచ్చివేస్తారు. నాల్గవది మాఫీ. చెల్లెలు అన్నగారి గడిమీద పడితే అద్దె అడగరాదు. బావగారి గడిమీద మరదలు పడితే అడగకపోవడం ఒక సరదా, అడగడం మరొక సరదా. ఐదవది ఖాతా పుస్తకం. ‘ఇప్పుడు లేవు, రాసుకో’ అని పాత నోటుపుస్తకంలో అప్పులు వ్రాయడం. రాత్రికి భోజనాలయ్యేసరికి ఆ అప్పులను ఎవరూ తీర్చరు. పటం చెదరకుండా మంచం కిందికి జరుపుతారు. మరునాడు మళ్లీ మొదలు.

ఈ మర్యాదలన్నింటికీ ఫలితం ఒకటే: ఆటలోనికి కొత్త డబ్బు వచ్చి పడుతుంటుంది. ఓడవలసినవాడు ఓడడు. గంటన్నరలో ముగియవలసిన ఆట మూడు దినాలు సాగుతుంది. ‘ఈ ఆట ఎప్పటికీ తెమలదు’ అని విసుగుకొనేవారు ఆ దోషం ఆటది కాదని, తమ ఇంటి మర్యాదలదని గ్రహించరు. వేలం ఒక్కటి తెచ్చిపెట్టుకొని, నడిమి గుట్ట తీసివేస్తే ఆట ఎంత చురుకుగా నడుస్తుందో ఒకసారి ఆడి చూడవచ్చును. బేరాల విషయంలో మరొక సూచన. పశువుల సంతలో తువాలు కింద వేళ్లు పట్టుకొని ధర చెప్పుకొన్నట్టు చాటుమాటు బేరాలు ఇక్కడ పనికిరావు. ఏ గడికి ఏ గడి, పైన ఎంత రొక్కం అన్నది అందరూ వినేటట్టు చెప్పవలెను. నలుగురు ఆడేటప్పుడు ఇద్దరు మార్పిడి చేసుకొని ఇద్దరూ చెరొక రంగు పూర్తి చేసుకొంటే, నష్టపోయేవారు మిగిలిన ఇద్దరే. అందుచేత ‘నీకు నాకన్న ఎక్కువ లాభం’ అని మంచి బేరాన్ని వదులుకొనేవాడు, బేరమే దొరకనివానితో సమానమవుతాడు.

అయితే ఈ మర్యాదలు కేవలం తెలివితక్కువ వల్ల పుట్టినవని నేననను. దీనికి నా బాల్యంలోని ఒక సంగతి చెప్పవలసి వున్నది.

1988 వేసవి. నాకు ఎనిమిదేళ్లు. సెలవులకు గుంటూరులో మా మేనమామగారి ఇంటికి వచ్చినాము. మా నాయనగారు చిలకలూరిపేట దాపున కౌలుకు చేను తీసుకొని పత్తి వేసేవారు. 1987-88లో పత్తికి శనగపచ్చ పురుగు తగిలినది. అంతకుముందు పనిచేసిన పైరిత్రాయిడ్ మందులకు ఆ పురుగు లొంగలేదు. ఎన్నిసార్లు కొట్టినా కాయలో పురుగు కాయలోనే వున్నది. గుంటూరు, ప్రకాశం జిల్లాలలో ఎన్నో కుటుంబాలు ఆ ఏడు చితికిపోయినవి. ప్రాణాలు తీసుకొన్న రైతులూ వున్నారు. మా నాయనగారు మందుల అప్పుతో మిగిలినారు. కౌలు మాత్రం పంటకు ముందే చెల్లించి వున్నారు.

ఆయన మమ్మల్ని తీసుకొనిపోవడానికి వచ్చిననాడు మేము చాపమీద ఆటలో వున్నాము. మా మామయ్య ‘కూర్చో బావా, ఒక చెయ్యి వెయ్యి’ అన్నారు. నాయనగారు కూర్చొని, కాసేపు పటమంతా చూచి, ‘బావా, ఇందులో పంట ఏది?’ అని అడిగినారు. మామయ్య నవ్వి, ‘ఇది పట్నం ఆట బావా, పంటతో పనేమున్నది?’ అన్నారు. ‘మరి ఇంతమందీ అద్దెలు ఎక్కడ నుంచి తెచ్చి కడుతున్నారు?’ అన్నారు నాయనగారు. ఎవరమూ బదులు చెప్పలేదు. ఆయన పాచిక వేసినారు. నాలుగైదు చుట్లు తిరిగేసరికి చేతిలో డబ్బు అయిపోయి లేవబోయినారు. బ్యాంకు దగ్గర కూర్చున్న మా అమ్మమ్మ ఐదు వందల నోటు ఆయన ముందు పెట్టి, ‘ఆట ఆడుకోవడానికే గాని, మనిషిని లేవగొట్టడానికా? కూర్చోండి నాయనా’ అన్నది. మామయ్య నియమం చెప్పబోయి ఊరుకొన్నారు.

ఆ ప్రశ్నకు సమాధానం నాకు దొరకడానికి చాలా ఏండ్లు పట్టినది. విశ్వవిద్యాలయంలో చదివేటప్పుడు ఈ ఆట పుట్టుక గురించి తెలిసినది. మోనోపలీని అమెరికాలో చార్లెస్ డారో అనే నిరుద్యోగి కనిపెట్టినాడని, 1935లో పార్కర్ బ్రదర్స్ కంపెనీకి అమ్మి ధనికుడైనాడని ఎంతోకాలం చెప్పుకొన్నారు. నిజానికి ఆ ఆట ఆయనకు పరిచయస్థుల ద్వారా అందినది. దాని మూలం ఎలిజబెత్ మాగీ అనే స్త్రీ. ఆమె సంక్షిప్తలేఖకురాలిగా ఉద్యోగం చేస్తూ ‘భూస్వామి ఆట’ అనే పేరుతో ఒక పటం గీచి, 1904 జనవరి 5వ తేదీన దానికి పేటెంటు పొందినది. 1935లో అదే కంపెనీ ఆమె హక్కులను ఐదు వందల డాలర్లకు కొన్నది. ఆమె 1948లో మరణించినది. 1970 దశకంలో రాల్ఫ్ ఆన్‌స్పాక్ అనే అర్థశాస్త్ర ఆచార్యుడు ఒక వ్యాజ్యం నడుపుతూ పాత కాగితాలు తవ్వి తీసేవరకు ఆమె పేరు లోకానికి తెలియలేదు.

ఆమె ఈ ఆటను ధనవంతులు కావడమెట్లాగో నేర్పడానికి తయారు చేయలేదు. హెన్రీ జార్జి అనే ఆర్థిక తత్త్వవేత్త 1879లో ఒక గ్రంథం ప్రకటించినాడు. భూమి విలువ పెరిగేది చుట్టూ వున్న సమాజం వల్ల గదా, దాని అద్దె ఒక్కరికే ఎందుకు చెందవలెను, అది పన్నుగా అందరికీ రావలెనని ఆయన వాదం. ఆ వాదాన్ని పిల్లలకు సైతం అర్థమయ్యేటట్టు చూపడానికి మాగీ ఈ పటం గీచినది. అద్దె కట్టి కట్టి ఒక్కొక్కరే లేచిపోతుంటే చూచేవారికి అన్యాయం తెలియవలెనన్నది ఆమె ఉద్దేశం.

ఆ పటంలో నన్ను నిలవేసినది ఒక మూల గడి. ఇప్పుడు ‘బయలుదేరు’ అని వుండే చోట, ఆమె పటంలో భూగోళం బొమ్మ వేసి, భూమాత మీద శ్రమ చేస్తే కూలి లభిస్తుందనే అర్థం వచ్చే మాటలు వ్రాసినది. చుట్టు తిరిగి వచ్చినవాడు భూమిమీద అంత శ్రమ చేసినట్టు లెక్క. అందుకు కూలి నూరు. మా నాయనగారు అడిగిన పంట అక్కడ వున్నది! మనకు చేరిన పటంలో ఆ మాటలు పోయినవి, డబ్బు మిగిలినది. ఎందుకిస్తున్నారో తెలియని రెండు వందలను మనం పుచ్చుకొంటున్నాము. ఆ రెండు వందలు లేకపోతే అద్దె కట్టేవాడే వుండడు. పటం మొత్తానికి కొత్త సంపద వచ్చే పెద్ద దారి అదొక్కటే.

ఇప్పుడు ఇంతకుముందు చెప్పిన మూడవ లెక్కను మళ్లీ చూడండి. కూలి రెండు వందలు, అది మారదు. అద్దె పదమూడు నుంచి రెండు వందల నలభై మూడుకు పోయినది. చాపమీద ఇది గెలుపు సూత్రం. చేలో ఇది కౌలు రైతు కథ. మన నల్లరేగడి భూములలో పత్తీ, మిరపా కౌలుకు పండించేవారు ఎందరో వున్నారు. కౌలు రొక్కంగా, తరచుగా ముందుగానే చెల్లించవలెను. పంట పండినదా లేదా అని అద్దె అడగదు. 2021-22లో మిరప పూతలో నల్ల తామరపురుగు చేరినప్పుడు కూడా పూత రాలినది గాని కౌలు రాలలేదు. కౌలుదారును గుర్తించి అప్పూ, సహాయమూ అందేటట్టు చేయడానికి మన రాష్ట్రంలో 2011లో ఒక చట్టం, 2019లో మరొక చట్టం వచ్చినవి. ఆ చట్టాల మంచిచెడ్డలు వేరొక ప్రసంగానికి తగిన విషయం. చట్టం చేయవలసి వచ్చినదంటేనే, పటం మీద కనపడని మనిషి ఒకడు వున్నాడని ఒప్పుకొన్నట్టు.

ఈ దృష్టితో చూస్తే మన అమ్మమ్మల చేబదుళ్లూ, మాఫీలూ, నడిమి గుట్టలూ వట్టి తెలివితక్కువలు కావు. అద్దె కూలిని మించిపోయినప్పుడు మనిషి లేచిపోకుండా పట్టి వుంచడానికి ఇల్లు చేసే ప్రయత్నాలవి. పంట పోయిన ఏడు కౌలులో కొంత విడిచిపెట్టే మంచి ఆసాములు లేకపోలేదు. అయితే దయ ఒకటి, నియమం ఒకటి. దయ అమ్మమ్మ వున్నంతసేపే. ఆమె లేచి వంటింట్లోకి పోతే మామయ్య నియమం మళ్లీ అమలులోకి వస్తుంది. పైగా ఐదు వందల చేబదులు వల్ల మా నాయనగారు మరి రెండు చుట్లు తిరిగినారే గాని, చివరకు ఆ ఐదు వందలూ అద్దెగా మామయ్య దగ్గరకే చేరినవి. అప్పు ఇచ్చినంత మాత్రాన అద్దె తగ్గదు.

మాగీ ఈ చిక్కును గ్రహించినది. అందుకే ఆమె ఒకే పటానికి రెండు విధాల నియమాలు ఏర్పరచినది. ఒక విధంలో అద్దె యజమానికి. ఒక్కడు మిగిలేవరకు ఆట. రెండవ విధంలో భూమి అద్దె ఉమ్మడి ఖజానాకు చేరుతుంది. అందరికన్న బీదగా వున్నవాని డబ్బు, మొదట వున్నదానికి రెట్టింపు అయిననాడు ఆట ముగుస్తుంది, అందరూ గెలిచినట్టే. లోకం మొదటి విధాన్ని పుచ్చుకొని రెండవదాన్ని మరచిపోయినది.

కనుక ఈ వేసవిలో పటం విప్పే ఇండ్లకు నా మనవి ఇది. ఒకనాడు పెట్టెలోని నియమాలు తు.చ. తప్పకుండా ఆడండి. వేలం వుండవలెను, చేబదులు వుండరాదు, గంటన్నర కాగానే గంట కొట్టి, రొక్కమూ, గడుల ధరా, ఇండ్ల ధరా కలిపి లెక్క చూడండి. మూడవ ఇంటి లెక్కా, జైలు తరువాతి గడుల లెక్కా పిల్లల చేతనే చేయించండి. అంకగణితం అంత హాయిగా వచ్చే చోటు మరొకటి లేదు. మరునాడు ఇండ్లు లేని గడుల అద్దెలన్నీ మధ్యలో ఒక పళ్లెంలో వేసి, బయలుదేరు గడిని ఎవరైనా దాటినప్పుడు పళ్లెంలోనిది అందరూ సమంగా పంచుకొనేటట్టు నియమం పెట్టుకొని ఆడండి. ఏనాటి ఆటలో ఎవరు ఎట్లా మిగిలినారో పిల్లలనే చెప్పమనండి. ఏది న్యాయమో పెద్దలు ముందుగా చెప్పనక్కరలేదు.

మా నాయనగారు ఇప్పుడు లేరు. మా ఇంటిలో పటం మాత్రం వున్నది. మూలలు చిరిగితే అట్ట అంటించినాము. దాని బయలుదేరు గడిమీద మా అమ్మాయి కిందటి సెలవులలో రంగు పెన్సిలుతో ఒక మిరప మొక్క గీచినది. ఆ గడి దాటినవానికి రెండు వందలు ఇచ్చేటప్పుడు ‘పంట డబ్బు’ అని చెప్పి ఇవ్వడం ఇప్పుడు మా ఇంటి నియమం.